లాటిన్ మోసుకొచ్చిన గ్రీకు మాటలు

సంపాదకులకు నమస్కారములు.

గత ఆదివారం మీ అనుబంధంలో ఐరోపా భాషల పుట్టుపూర్వోత్తరాల గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసాంతం చదివాను. తెలుగు పత్రికలు ఇలాంటి విషయానికి ఒక పూర్తి పుట కేటాయించడం అరుదు గనుక ముందుగా మీకు అభినందనలు. అయితే ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్, పోర్చుగీసు, రుమేనియన్ భాషలు లాటిన్ సంతానం కాబట్టి వాటిలోని మతసంబంధమైన పదజాలమంతా లాటిన్ సొత్తేనని వ్యాసకర్త తేల్చి చెప్పడం నాకు సమ్మతంగా తోచలేదు. ఆ భాషలు లాటిన్ బిడ్డలన్న మాట నిజమే. కానీ చర్చి, బిషప్, బాప్తిస్మము, సువార్త, దేవదూత, సైతాను, సన్యాసి, మఠం వంటి వాటికి ఆ భాషల్లో ఉన్న పేర్లు లాటిన్ సంపాదించిన ఆస్తి కాదు. గ్రీకు నుంచి అప్పు తెచ్చుకుని, తీర్చకుండానే పిల్లలకు పంచిపెట్టినవి.

నేను ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. ఫ్రెంచి నా వృత్తి కాదు. మా తాతగారు మాత్రం యానాంలో ఫ్రెంచివారి ఏలుబడిలో చదువుకున్నారు. ఆయన వాడిన ఫ్రెంచి నిఘంటువు, అట్ట ఊడిపోయి, అంచులు చెదలు తినేసి, ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నాకు పదేళ్ల వయసులో ఆయన అందులోంచి ‘ఎవెక్’ అనే మాట చూపించారు. బిషప్ అని అర్థం. నడిమి అక్షరం నెత్తిన ఇంటికప్పులా వాలిన చిన్న గుర్తు ఉంది. అదేమిటని అడిగితే, “ఆ కప్పు కింద ఒక సకారం సమాధి అయి ఉందిరా” అన్నారు. అప్పుడు అర్థం కాలేదు. చాలా ఏళ్ల తరువాత తెలిసింది, పాత ఫ్రెంచిలో ఆ మాటను సకారంతో రాసేవారని, పలకడంలో అది పోయినా రాతలో వందల ఏళ్లు అలాగే మోశారని, 1740లో ఫ్రెంచి అకాడమీ తన నిఘంటువు మూడో ముద్రణలో దాన్ని తొలగించి, జ్ఞాపకంగా అచ్చు మీద ఆ గుర్తు నిలిపిందని.

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఫ్రెంచిలో ఆ టోపీ పెట్టుకున్న చర్చి మాటలను వరసగా చూడండి. బిషప్‌కు ఎవెక్, పురోహితుడికి ప్రెత్ర్, అపొస్తలుడికి అపోత్ర్, బాప్తిస్మానికి బాతెమ్, పస్కా పండుగకు పాక్, పెంతెకొస్తుకు పాంత్‌కోత్, ధర్మం చేసే బిచ్చానికి ఒమోన్. అన్నిటి నెత్తినా అదే గుర్తు, అన్నిటి కిందా అదే సకారం, అన్నిటికీ మూలం గ్రీకే: ఎపిస్కొపొస్, ప్రెస్బుతెరొస్, అపొస్తొలొస్, బాప్తిస్మ, పాస్ఖ, పెంతెకొస్తె, ఎలెఎమొసునె. పస్కా ఒక్కటీ గ్రీకు పుట్టుక కాదు, హీబ్రూ, అరమాయిక్ భాషల నుంచి గ్రీకులోకి వచ్చినది. ఫ్రెంచివాడు పోగొట్టుకుని టోపీ కింద దాచుకున్న ఆ సకారం మన తెలుగు బైబిల్లో ఏ మరుగూ లేకుండా వినిపిస్తుంది. బాప్తిస్మము, అపొస్తలుడు, పెంతెకొస్తు, పస్కా. గోదావరి జిల్లాల్లో ఆదివారం ప్రార్థనకు వెళ్లే ముసలమ్మ ‘బాప్తిస్మం’ అన్నప్పుడు పలికే పకార, సకారాలు రెండూ నేటి పారిస్ పౌరుడి నోట ఆ మాటలో పలకవు. మొదటిది రాతలో ఉండి నోటికి రాదు, రెండోది రాతలోనూ లేదు.

ఇన్ని గ్రీకు మాటలు లాటిన్ నోటికి ఎలా ఎక్కాయన్నది అసలు ప్రశ్న. రోము నగరంలో తొలి క్రైస్తవులు ఎక్కువమంది తూర్పు నుంచి వలస వచ్చినవారు, బానిసలు, బానిసత్వం నుంచి విడుదలైనవారు, చిన్న వ్యాపారులు. వారు తమలో తాము మాట్లాడుకున్నది గ్రీకు. రోములోని విశ్వాసులకే పౌలు రాసిన పత్రిక గ్రీకులో ఉంది. క్రీ.శ. 96 ప్రాంతంలో రోము సంఘం పక్షాన క్లెమెంతు కొరింథుకు పంపిన ఉత్తరమూ గ్రీకే. రోము శివార్లలో కల్లిస్తుస్ పేర ఉన్న భూగర్భ శ్మశానాన్ని 19వ శతాబ్దం మధ్యలో దె రోస్సి అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వి చూసినప్పుడు, 3వ శతాబ్దపు పోపుల సమాధి ఫలకాలు బయటపడ్డాయి. అంతెరోసు, 250లో మరణించిన ఫాబియాను, వీరి పేర్లు గ్రీకు లిపిలో, గ్రీకు రూపంలో చెక్కి ఉన్నాయి. లాటిన్ రాజధాని నడిబొడ్డున అక్కడి మతాధిపతుల సమాధుల మీద రాత లాటిన్ కాదు.

ఫాబియాను తరువాత పదవికి వచ్చి 253లో చనిపోయిన కొర్నేలియుసు ఫలకం మాత్రం లాటిన్ లిపిలో ఉంది. అందులో ఉన్నవి మూడే ముక్కలు: కొర్నేలియుస్, మార్తిర్, ఎప్. మొదటిది పేరు. రెండోది గ్రీకులో సాక్షి అని అర్థమిచ్చే మాట. మూడోది ఎపిస్కొపొస్‌కు సంక్షిప్త రూపం. లిపి మారింది, భాష మారింది, పదవుల పేర్లు మారలేదు. మీ వ్యాసకర్తకు నేను చూపదలచిన సాక్ష్యం ఆ ఒక్క రాయి. 382లో దమాసు పోపు ఆనతితో జెరోము అనే పండితుడు లాటిన్ సువార్తలను సవరించడం మొదలుపెట్టేసరికి ఈ మాటలు జనం నోట నాని పాతబడిపోయాయి. ఆయన వాటి జోలికి పోలేదు. ‘ప్రభువా, కనికరించు’ అనే కీరియె ఎలెయిసోన్ అయితే రోము ఆరాధనలో గ్రీకులోనే మిగిలింది.

లాటిన్‌వారు అనువదించే ప్రయత్నం చేయలేదని కాదు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో 200 ప్రాంతంలో రాసిన తెర్తుల్లియాను అనే క్రైస్తవ రచయిత, బాప్తిస్మానికి బదులు ముంచడం, అద్దడం అనే అర్థమున్న ‘తింక్తియో’ అనే అచ్చ లాటిన్ మాట వాడి చూశాడు. బట్టను రంగులో ముంచడానికి చెప్పే ధాతువు అది. గ్రీకు మాటకు మూలమైన ధాతువూ సరిగ్గా అలాంటిదే, అద్దకం పనివారు వాడుకునేది. అయినా తెర్తుల్లియాను మాట నిలవలేదు. అనువదిస్తే రంగుల అంగడి గుర్తొస్తుంది, అనువదించకపోతే దేవుడి సన్నిధి గుర్తొస్తుంది. పరాయి భాషలోంచి తెచ్చిన మాటకు ఆ సౌకర్యం ఉంది. గ్రీకులో ఈ మాటలేవీ పుట్టుకతో పవిత్రమైనవి కావు. చర్చికి పేరైన ఎక్క్లేసియా అంటే ఏథెన్సు పౌరులు ప్నిక్స్ గుట్ట మీద కూడి ఓట్లు వేసే సభ. ఎపిస్కొపొస్ అంటే పైవిచారణ చేసేవాడు. ఏథెన్సువారు తమ కింది పట్టణాలకు పంపిన తనిఖీ అధికారులను ఆ పేరుతోనే పిలిచేవారు. ప్రెస్బుతెరొస్ అంటే పెద్దవాడు. అంగెలొస్ అంటే వార్తాహరుడు. దియాబొలొస్ అంటే చాడీలు చెప్పేవాడు. సన్యాసికి పేరైన మొనఖొస్ అంటే ఒంటరివాడు. ఇవన్నీ బజారు మాటలు, కచేరీ మాటలు.

తెలుగువారు ఈ చోట లాటిన్‌వారికి భిన్నమైన దారి పట్టారు. మన బైబిల్ అనువాదకులు కొన్నిటిని యథాతథంగా ఉంచినా, చాలావాటిని అర్థం తెలిసి తర్జుమా చేశారు. ఎవంగెలియొన్‌లో ‘ఎవు’ అంటే మంచి, ‘అంగెలియా’ అంటే వార్త. మన ‘సువార్త’ ముక్కకు ముక్క అదే. ఇటాలియన్‌వాడికి ‘వంజేలో’ అంటే పుస్తకం పేరు మాత్రమే, అందులో మంచి ఎక్కడుందో, వార్త ఎక్కడుందో అతడి చెవికి తెలియదు. అంగెలొస్ మనకు దేవదూత. దియాబొలొస్ మనకు అపవాది. అపవాదు వేసేవాడని గ్రీకువాడికి తోచిన అర్థమే మనకూ తోస్తుంది. ఎక్క్లేసియా సంఘము, ప్రెస్బుతెరొయి పెద్దలు, ఎపిస్కొపొస్ అధ్యక్షుడు, దియాకొనొస్ పరిచారకుడు. స్పానిష్‌వాడి ‘ఆంహెల్’, ‘దియాబ్లో’ కేవలం పేర్లు. మనవి పేర్లూ అర్థాలూ కూడా. ఈ విషయంలో మన అనువాదకులకు దక్కవలసిన మన్నన దక్కలేదని నా అభిప్రాయం.

కతోలికులు వాడే ‘మేత్రాసనం’ కూడా పైకి సంస్కృత సమాసంలా కనిపిస్తుంది గానీ, దాని మొదటి సగం మలయాళంలో బిషప్‌ను పిలిచే ‘మెత్రాన్’. అది సిరియాక్ భాష మీదుగా వచ్చిన గ్రీకు ‘మెత్రొపొలితేస్’, అంటే మహానగరపు బిషప్. ఆసనం మనది, ఆసీనుడు గ్రీకువాడు.

మాటలు లాటిన్‌లోంచి పిల్లభాషల్లోకి దిగినప్పుడు పడ్డ మార్పులు మన వ్యాకరణం చదివినవారికి కొత్తగా అనిపించవు. యాత్ర జాతర అయినట్టు, దీపం దివ్వె అయినట్టు, ఎక్క్లేసియా ఫ్రెంచిలో ఎగ్లీజ్, స్పానిష్‌లో ఇగ్లేసియా, పోర్చుగీసులో ఇగ్రేజ, ఇటాలియన్‌లో కియేజా అయింది. హిందీలో చర్చిని గిర్జా అనడం ఆ పోర్చుగీసు ఇగ్రేజ వల్లనే. ఇటాలియన్‌వారు మొదటి అచ్చును ఎగరగొట్టారు. తమిళుల ఇరండును మనం రెండు అన్నట్టు, ఉరల్‌ను రోలు అన్నట్టు. ఎపిస్కొపుస్ కూడా అలాగే తల కోసుకుని ఇటలీలో వెస్కొవో, పోర్చుగల్‌లో బిస్పు అయింది. స్పెయిన్‌లో మాత్రం తల దక్కించుకుని ఒబిస్పోగా నిలిచింది. వీటి పక్కనే పండితులు తరువాత నేరుగా లాటిన్ పుస్తకాల్లోంచి తెచ్చిన తత్సమాలు ఉన్నాయి. ఫ్రెంచిలో ఎవెక్ తద్భవమైతే, బిషప్‌కు సంబంధించినదనే అర్థంలో ‘ఎపిస్కొపాల్’ తత్సమం. ఒకే తల్లి బిడ్డలు, ఒకరు పొలంలో పెరిగినవారు, ఇంకొకరు బడిలో.

రుమేనియన్ ఒక్కటి వేరు దారి తొక్కింది. అక్కడ చర్చిని ‘బిసేరికా’ అంటారు. ఇది ఎక్క్లేసియా నుంచి రాలేదు, బసిలికా నుంచి వచ్చింది. బసిలికా లాటిన్‌లో న్యాయస్థానంగా, బేరసారాల చోటుగా ఉపయోగపడే పెద్ద మండపం. రోము చక్రవర్తి కాన్‌స్టాంటిన్ కాలం నుంచి క్రైస్తవులు కట్టుకున్న ఆలయాలు ఆ నమూనాలోనివే. మూలానికి పోతే అదీ గ్రీకే, ‘రాజసంబంధమైనది’ అని అర్థం. పడమటి వారు సభ పేరును భవనానికి పెట్టారు, తూర్పువారు భవనం పేరును అలాగే ఉంచారు.

ఇంతవరకు చెప్పినవి చర్చి గోడల లోపలి మాటలు. గోడ దాటి బయటికొచ్చిన ఒక మాట గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తి. గ్రీకులో ‘పరబొలె’ అంటే పక్కన పెట్టడం, పోల్చడం. ఏసు చెప్పిన విత్తువాని కథ, తప్పిపోయిన కుమారుని కథ వంటివాటికి సువార్తల్లో అదే పేరు. మన బైబిల్లో ఉపమానము. లాటిన్‌లో పరబొలా అయింది. ప్రతి ఆదివారం ప్రసంగంలో వింటూ వింటూ జనం దాన్ని ఉపమానం నుంచి ప్రభువు పలుకుగా, ఆపైన ఏ పలుకైనా సరే అనే అర్థానికి సాగదీశారు. మాట అనడానికి లాటిన్‌లో అంతకుముందే ‘వెర్బుమ్’ ఉంది. కానీ యోహాను సువార్త మొదటి వాక్యంలో ‘ఆదియందు వాక్యముండెను’ అన్నచోట ఆ మాటే దేవుడికి వాడేశారు గనుక, రోజువారీ కబుర్లకు దాన్ని వాడడానికి జనం వెనకాడారని చాలామంది భాషావేత్తల వివరణ. నాకు అది సబబుగానే తోస్తుంది. పూజగదిలో పెట్టిన చెంబుతో ఎవరూ పెరట్లో నీళ్లు పోసుకోరు గదా.

అలా పరబొలా ఇటలీలో పరోలా, ఫ్రాన్సులో పరోల్ అయింది. స్పెయిన్‌లో రేఫ లకారాలు చోటు మార్చుకుని పలాబ్రా అయింది, వారణాసి బనారస్ అయినట్టు. పోర్చుగీసులో పలావ్ర. అన్నిటికీ అర్థం ‘మాట’. దాన్నుంచే మాట్లాడడానికి ఫ్రెంచిలో పర్లే, ఇటాలియన్‌లో పర్లారె పుట్టాయి. ఆ పర్లే నుంచి మాట్లాడుకునే చోటుకు ‘పర్లమాఁ’ అని ఫ్రెంచిలో పేరు వచ్చి, ఇంగ్లీషు మీదుగా మన పార్లమెంటు అయింది. మీ పత్రికలో నెలకు నాలుగుసార్లయినా కనిపించే ‘పెరోల్‌పై విడుదల’ కూడా ఈ కుటుంబంలోదే. పట్టుబడ్డ సైనికుడు మళ్లీ ఆయుధం పట్టనని మాట ఇచ్చి బయటికి వెళ్లడాన్ని ఫ్రెంచివారు ‘గౌరవపూర్వకమైన మాట’ అన్నారు. ఆ ‘మాట’ ఒక్కటే మిగిలి పెరోల్ అయింది. విత్తువాని ఉపమానానికీ మన జైలు గేటుకూ మధ్య ఉన్నది ఒకే పదం.

ఇలా బయటపడ్డవి ఇంకా ఉన్నాయి. కథెద్రా అంటే గ్రీకులో కూర్చునే ఆసనం. బిషప్ పీఠం ఉన్న చర్చి కాబట్టి మెదక్‌లోనిది కెథడ్రల్. మన పీఠాధిపతి అనే మాటలో ఉన్నది సరిగ్గా ఇదే ఊహ. పోర్చుగీసులో అది కదేయిర అయి మామూలు కుర్చీకి పేరైంది. స్పానిష్‌లో కదేరా అయి, కూర్చునే వస్తువును వదిలేసి కూర్చునే మనిషి తుంటికి అతుక్కుంది. ఫ్రెంచివారు దాన్ని రెండుగా చీల్చి ఒకటి ప్రసంగ వేదికకూ ఆచార్య పదవికీ, ఇంకొకటి వంటింటి కుర్చీకీ పంచారు. ఇంగ్లీషు చైర్ కూడా పాత ఫ్రెంచి నుంచి వచ్చినదే గనుక మన మున్సిపల్ చైర్మన్ గారి పదవిలోనూ ఒక బిషప్ పీఠం ఉంది. ఆయన దగ్గర పనిచేసే క్లర్కు కూడా తక్కువవాడేమీ కాదు. క్లేరొస్ అంటే వంతు, వాటా. దేవుడే తమ వంతుగా గలవారు గనుక మతాధికారులకు ఆ పేరు వచ్చింది, చదువొచ్చినవారు వారే గనుక లెక్కలు రాసేవాడు క్లర్కు అయ్యాడు.

పతనమైన మాట ఒకటి. ఆల్ప్స్ కొండల్లో, స్విట్జర్లండు వైపు మాండలికంలో ‘క్రెస్తిన్’ అంటే క్రైస్తవుడు, వాడుకలో మనిషి. ఆ లోయల్లో అయొడిన్ లోపం వల్ల బుద్ధి ఎదగక, గొంతు వాచి బాధపడేవారిని జాలితో, వీళ్లూ మనుషులేగా అన్నట్టు, ఆ పేరుతో పిలిచారని నిఘంటుకారుల వివరణ. ఫ్రెంచిలో అది క్రెతాఁ అయింది, ఇప్పుడు వాడుకలో దానికి మూర్ఖుడు అనే తిట్టు తప్ప అర్థం లేదు. అభిషిక్తుడు అనే అర్థమున్న ఖ్రిస్తొస్ నుంచి బయలుదేరి అంత దూరం వచ్చింది. ఆశ్చర్యపోనక్కర్లేదు. సన్యాసి అన్న మాటను మనం ఎంతో గౌరవంగా చెప్తాం, ‘సన్నాసి’ అన్నామంటే ఎదుటివాడు చెయ్యెత్తుతాడు.

వ్యాసకర్తను పూర్తిగా తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దేవుడికి ఈ భాషల్లో ఉన్న దియ్యూ, దియోస్, దీయో, దెవుష్ అన్నీ లాటిన్ దేవుస్ నుంచే వచ్చాయి. పాపానికి పెషే, పెకాదో, పెకాట్. శిలువకు క్ర్వా, క్రూస్, క్రోచె. ఆత్మకు ఆమ్, అల్మా. విశ్వాసానికి ఫ్వా, ఫే, ఫేదె. ఇవన్నీ అచ్చ లాటిన్. చూడబోతే మనిషి లోపల జరిగేదానికి లాటిన్‌వారు తమ ఇంటి మాటే వాడుకున్నారు. కొత్తగా ఏర్పడిన సంఘానికి, అందులోని పదవులకు, కర్మకాండకు, పండుగలకు గ్రీకు మాటలు అరువు తెచ్చుకున్నారు. ఈ గీత అన్నిచోట్లా తిన్నగా ఉండదు, దేవదూతా సైతానూ ఆవలి పక్కకు వెళ్లారు. కానీ ఇలా విడదీసి చెప్పి ఉంటే వ్యాసం పాఠకులకు ఎక్కువ ఉపయోగపడేది.

కనుక వచ్చే సంచికలో వీలైతే చిన్న సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. ‘లాటిన్ సొత్తు’ అన్నచోట ‘అధికభాగం గ్రీకులో పుట్టి లాటిన్ ద్వారా వచ్చినవి’ అంటే సరిపోతుంది. మీ అనుబంధంలో వేసుకోవడానికి పనికొస్తుందనుకుంటే తాతగారి నిఘంటువులో ఎవెక్, బాతెమ్ ఉన్న పుటలను ఫొటో తీసి పంపగలను. ‘ప’ అక్షరం పుటలకు చెద కాస్త ఎక్కువగా పట్టింది గానీ, పరోల్ ఉన్న వరుస మాత్రం దక్కింది.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
కాకినాడ.